బస్సు వెనక మేకలు

టేకులపల్లికి ఆరు కిలోమీటర్ల లోపల, అడవి మొదలయ్యే చోట ఉన్న తండాలో ప్రమీల అంగన్‌వాడీ టీచరు. యాభై ఏళ్ళ మనిషి. ఆవిడ గురించి తండాలో రెండు మాటలు చెబుతారు. ఒకటి, చేతిరాత ముత్యాలు. రెండు, మహా మొండిది. ఆ రెండో మాట తెచ్చిపెట్టింది పిల్లల్ని తూచే తక్కెడ. తక్కెడ ఎంత చూపిస్తే రిజిస్టర్లో అంతే రాస్తుంది, దేవుడు దిగొచ్చినా వంద గ్రాములు కలపదు. సొంత అన్న కోటేష్ కోడలే ఒకసారి, పిల్లాడు బరువు తగ్గాడని తెలిస్తే అత్త తిడుతుంది, కాస్త ఎక్కువ రాయమని బతిమాలింది. ప్రమీల ఆ పిల్లాడికి పప్పన్నం మరో రెండు ముద్దలు పెట్టింది గాని, అంకె మాత్రం మార్చలేదు.

అలాంటి మనిషి తన బతుకు తానే రాసుకుంటే అందులో తప్పు దొర్లుతుందని ఎవరనుకుంటారు? ఆవిడైతే కలలో కూడా అనుకోలేదు.

రాయడం ఎందుకొచ్చిందంటే, ఖమ్మంలో యశోద అని రిటైరైన పంతులమ్మ ఒకావిడ ఉంది. ముప్పై మంది మామూలు ఆడవాళ్ళ జీవితాలు వాళ్ళ చేతే రాయించి పుస్తకం వేయాలని నడుం కట్టింది. ఏదో శిక్షణలో ప్రమీల చేతిరాత చూసి ముచ్చటపడి, ఫోను నంబరు తీసుకుని, నువ్వూ రాయాలమ్మా అని పట్టుబట్టింది. కథ కట్టొద్దు, జరిగింది జరిగినట్టు రాయమంది. ప్రమీలకు లోపల నవ్వొచ్చింది. జరిగింది రాయడం తనకొకరు నేర్పాలా?

మధ్యాహ్నం పిల్లలు అన్నం తిని ఇళ్ళకు పోయాక, అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని పన్నెండు రోజులు రాసింది. నాన్న భద్రు, అమ్మ గోరి, మేకల మంద, వానాకాలం పొంగే వాగు. తనకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు నాన్న తనను భద్రాచలం దగ్గరి ఆశ్రమ పాఠశాలలో చేర్చడం. తండాలో హాస్టలుకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల తనే. రాస్తూ రాస్తూ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. అక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఎక్కడా ఆగలేదు. నాలుగంటే నాలుగే వాక్యాలు. “మా అక్క సోనికి బడి అంటే ఇష్టం లేదు. మేకలంటేనే ప్రాణం. నాన్న అడిగితే రానంది. అందుకని నన్ను పంపారు.”

ఆ తర్వాత బస్సెక్కిన రోజు గురించి ఒక ముచ్చట రాసింది. రాసినదంతటిలోకీ ఆవిడకు అదే బాగా నచ్చింది. “బస్సు వెనక కిటికీలోంచి చూస్తే, దుమ్ములో మా మేకలు పరుగెత్తుకుంటూ వస్తున్నాయి. నన్ను సాగనంపడానికి వస్తున్నాయి కాబోలని నవ్వుకున్నాను.” చదువుకున్న ప్రతిసారీ ఆవిడకు మళ్ళీ నవ్వొచ్చేది.

యశోద మేడమ్ పెట్టిన షరతు ఒకటుంది. ఎవరి గురించి రాశారో, బతికున్న వాళ్ళకు చదివి వినిపించాకే పంపాలి. అమ్మానాన్నలు పోయారు. కోటేష్ విన్నాడు. తన పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని, ఫొటో కూడా వేస్తారా అని అడిగాడు. ఇక మిగిలింది దమ్మపేటలో ఉండే అక్క. అదేముంది, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు అనుకుని, ఒక ఆదివారం మిక్చర్ పొట్లం కట్టించుకుని దమ్మపేట బస్సెక్కింది ప్రమీల. ఇల్లలకగానే పండగ కాదని ఆవిడకు అప్పటికింకా తెలియదు.

సోని ఇంటి ముందు కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. భర్త బలరాం పామాయిల్ తోటలో గెలలు కోసే పనికి వెళ్ళాడు. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు లోపల లెక్కలు చేసుకుంటోంది. చెల్లెల్ని చూడగానే సోని మొహం విప్పారింది. పుస్తకంలో నేనున్నానా, అయితే చదువు చదువు అని పీట వేసింది. చదువు రాని మనిషి, వినడమంటే మహా ఇష్టం.

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకునేది లంబాడీ మాట. రాసిందేమో తెలుగు. కాబట్టి ప్రమీల వాక్యం తెలుగులో చదివి, అక్కడక్కడ తమ మాటలో చెబుతూ పోయింది. సోని నవ్వాల్సిన చోట నవ్వింది, అమ్మ మాట వచ్చిన చోట ముక్కు చీదింది. ఆ నాలుగు వాక్యాలూ వచ్చేసరికి ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. ప్రమీల కాగితంలోంచి తలెత్తలేదు కాబట్టి అది చూడలేదు. చూసి ఉంటే అక్కడే ఆగేదేమో. మేకల ముచ్చట దగ్గర తను నవ్వి, అక్క కూడా నవ్వుతుందేమోనని చూసింది. సోని చేటలో గింజలు ఏరుతోంది.

అంతా అయ్యాక, బాగా రాశావే అని మెచ్చుకుంది సోని. చాయ్ పెట్టి ఇచ్చింది. చెల్లెలు గ్లాసు కింద పెట్టేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

“బడంటే ఇష్టం లేదని నేనెప్పుడన్ననే పమ్లీ?”

“రానన్నవు గదక్కా. నాన్న అడిగినప్పుడు నేను పక్కనే ఉన్న. నా చెవులతోని విన్న.”

“అవ్, రానన్న. ఇష్టం లేదన్ననా?”

 రెండూ ఒకటే కదా అని ప్రమీల సర్దబోయింది. సోనికి కోపం రాలేదు. వస్తే బాగుండేది, కోపానికైతే ఎదురు చెప్పొచ్చు. ఆవిడ లోపల మనవరాలు ఉన్న వైపు చూసి, గొంతు తగ్గించింది.

“నేను పోయినంక ఆ పిల్ల చదువుతది గదా ఇది. మా అవ్వకు బడంటే ఇష్టం లేదంట, మేకలే ఇష్టమంట అనుకుంటది. అచ్చేసినంక ఇంకెవరు కాదంటరు? ఎందుకు రానన్ననో నీకు ఎప్పుడో చెప్పిన. నా పెండ్లిల, నీ మెడ మీద పడి.”

“అది ఢావ్లో గదక్కా,” అంది ప్రమీల.

 సోని చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఢావ్లో అంటే తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. లంబాడీల పెళ్ళిలో, అత్తింటికి బయల్దేరే ముందు పెళ్ళికూతురు అయినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడుస్తుంది. తల్లి పాల గురించి, తండ్రి భుజాల గురించి, అన్న తెచ్చిన గాజుల గురించి, ఇకమీదట తను తాగని వాగు నీళ్ళ గురించి. ఏడవడం రాని పిల్లకు నలుగురిలో తలవంపు. అందుకని పెళ్ళికి నెల ముందు నుంచే ఒక పెద్దావిడ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతుంది. నేర్చుకున్న ఏడుపు కాబట్టి అందులో ఎన్ని నిష్ఠూరాలున్నా ఎవరూ మనసులో పెట్టుకోరు. నన్ను పరాయివాళ్ళకు ఇచ్చేశావా నాన్నా అని కూతురు గుండెలవిసేలా ఏడిస్తే, నా బిడ్డ ఎంత బాగా ఏడ్చిందని తండ్రి నలుగురికీ చెప్పుకుంటాడు.

సోని పెళ్ళినాటికి ప్రమీలకు పధ్నాలుగేళ్ళు. హాస్టలు నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, తెలుగులో తప్ప మాట్లాడనని బిగుసుకునే వయసు. అక్క వచ్చి మెడ మీద పడి ఏడుస్తుంటే స్తంభంలా నిలబడింది. అక్క కన్నీళ్ళకు కొత్త ఓణీ తడిసిపోతోందని, తోటి పిల్లలు చూసి నవ్వుతున్నారేమోనని, అదే ధ్యాస. అందరూ ఏడ్చేదే తనూ ఏడుస్తోంది అనుకుంది. ముప్పై ఆరేళ్ళుగా అలాగే అనుకుంటూ వచ్చింది.

తిరుగు బస్సులో ప్రమీలకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నోరు కుట్టేసుకుని, తీరా పుస్తకం అచ్చుకు పోయే సమయానికా ఈవిడ గుర్తుచేసుకునేది? తను విన్నది అబద్ధమా? తక్కెడలో ముల్లు చూసినట్టు ఎదురుగా నిలబడి విన్న మాట! సత్తుపల్లి దాటేసరికి ఉపాయం తట్టింది. ఆ నాలుగు వాక్యాలూ కొట్టేస్తే సరి. ఎవరికీ బాధ ఉండదు. దిగగానే యశోద మేడమ్‌కు ఫోన్ చేసి అడిగింది. నీ బతుకమ్మా, నీ ఇష్టం, ఏది ఉంచాలో నువ్వే చూసుకో, శుక్రవారానికి మాత్రం నా చేతిలో ఉండాలి అందావిడ.

కొట్టేయడానికి కాగితం ముందు పెట్టుకుంది. కొట్టేసి చదివి చూసింది. నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అన్న ఉన్నాడు, మేకలున్నాయి. అక్క లేదు. మేకల్ని కాసిందెవరో లేదు. దమ్మపేటలో ఆ పిల్ల ఇది చదివితే, మా అవ్వ అసలు ఈ ఇంట్లో పుట్టిందా అని అడుగుతుంది. ప్రమీలకు ప్రాణం ఉసూరుమంది. కొట్టేసిన వాక్యాలు మళ్ళీ రాసి, మర్నాడు తండాలోని ద్వాలి ముసలామె ఇంటికి బయల్దేరింది.

నిజం చెప్పాలంటే, అక్క మీద సాక్ష్యం దొరుకుతుందనే ఆశతోనే బయల్దేరింది. సోనికి ఢావ్లో నేర్పింది ద్వాలే. తండాలో తొంభైకి దగ్గరపడ్డ మనిషి ఆవిడొక్కతే. కళ్ళు పోయాయి గాని చెవులు పాము చెవులు. తల్లి వయసు వాళ్ళను తండాలో యాడీ అంటారు. యాడీ, ఢావ్లో గురించి అడగడానికి వచ్చానని ప్రమీల అనగానే ముసలామె నిటారుగా లేచి కూర్చుంది. “ఎవరి పెండ్లి?” అంది ఆశగా. పెళ్ళిళ్ళలో డీజే పెట్టడం మొదలయ్యాక ఆవిడ దగ్గర ఏడుపు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు లేరు. పెళ్ళేమీ లేదని, సోని అక్క సంగతి కనుక్కుందామని వచ్చానని చెప్పాక కాస్త చప్పబడింది. ఎవరి మీద పడి ఏడ్చినప్పటిది కావాలని అడిగింది. నా మీద పడి ఏడ్చినప్పటిది అంది ప్రమీల.

 ద్వాలి నిదానంగా చెప్పుకొచ్చింది. తల్లికి, తండ్రికి, అన్నలకు తనే మాటలు నేర్పుతుందట. అవి ఏ పెళ్ళిలోనైనా అటూఇటూగా అవే. మిగిలినవాళ్ళకు మాత్రం, నీకేం చెప్పాలనుందే అని పిల్లనే అడుగుతుందట. పిల్ల మనసులో ఉన్నది చెబితే దాన్ని రాగంలో పెట్టిస్తుంది. సోనిని కూడా అలాగే అడిగింది. మూడు రోజులు ఆ పిల్ల చెల్లెలి మాట ఎత్తలేదు. నాలుగో రోజు చెప్పింది.

భద్రు పెద్దపిల్లను అడిగే ముందు రోజు, పొయ్యి దగ్గర మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నారు. కోటేష్ అప్పటికే కూలికి పోతున్నాడు, ఆడపిల్లలిద్దర్నీ పంపితే మంద వెనక పోయేవాళ్ళు లేరు. పెద్దది పోతానంటే చిన్నది మేకలకు. తొమ్మిదేళ్ళది, అడవిలో ఎలుగుబంట్లు తిరిగే కాలం. సోని నిద్రపోయినట్టు పడుకుని అంతా వింది. తెల్లారి నాన్న, వస్తావా అని అడిగితే రానంది.

“తర్వాత ఏం చేసిందో తెల్సా నీకు?” అంది ద్వాలి. “నువ్వు పోయిన రోజు మేకల్ని అడవికి తోలలే. నీ బస్సు వెంట ఉరికింది, వాగు దాకా. దాని వెంట మేకలు. అవి పోయి పోయి సీతయ్య పెసర చేన్ల పడ్డయి. అప్పుడే మొలిచిన చేను. మీ నాయన దాని వీపు చిట్లగొట్టిండు. నాకెట్ల తెల్సంటవా, నూనె రాసింది నేనే.”

 వెనక కిటికీ, ఎర్రటి దుమ్ము, దుమ్ములో పరుగెత్తే మేకలు. అవి ప్రమీల తొమ్మిదేళ్ళ వయసులో కళ్ళారా చూసింది. యాభయ్యో ఏట ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఏ మేకైనా బస్సును సాగనంపుతుందా? మేక మనిషి వెంట పరుగెత్తుతుంది గాని! ఆ దుమ్ములో ఒక మనిషి ఉందన్న సంగతి నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి తట్టలేదు. అంగన్‌వాడీ పిల్లలకు ఆవు బొమ్మ చూపించేటప్పుడు కూడా, ఆవు వెనక ఎవరున్నారు పిల్లలూ అని అడిగే మనిషికి.

సోని ఆ మాటలు ఎలా కట్టిందని ప్రమీల అడిగింది.  ద్వాలి రాగం తీయలేదు, ఆయాసం. మామూలుగా చెప్పింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: “చెల్లీ, రానన్నది నా నోరు, కాళ్ళు కాదు. నీ బస్సు దుమ్ము తాగిన, వాగు కాడ ఆగిన. చదివిన మాటలు నాకు తెచ్చియ్యి, నేను కాసిన మేకలు నీకే ఇడుస్త.”

“ఇదంతా నా చెవుల పడ్డదా యాడీ? నాకు ఒక్క ముక్క గుర్తు లేదు,” అంది ప్రమీల.

“నీ చెవులనే పడ్డది. నువ్వు రాగం విన్నవు, మాట వినలే.”

ఇంటికొచ్చి ప్రమీల కాగితాలు ముందేసుకుంది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఒక సంగతి తెలిసింది. తను రాసిన నాలుగు వాక్యాల్లో మూడోది అక్షరాలా నిజం. నాన్న అడిగితే రానంది. తక్కెడ ముల్లు అదే చూపించింది. కాకపోతే తక్కెడ పిల్లాడి బరువు చెబుతుంది గాని, వాడెందుకు చిక్కిపోయాడో చెప్పదు. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా తల్లుల్ని అడిగి అడిగి కనుక్కుంటున్న మనిషి, అక్కను మాత్రం అడగలేదు.

మళ్ళీ రాసింది. ఈసారి కలం అడుగడుగునా ఆగింది. మొదటి రెండు వాక్యాలూ, చివరిదీ కొట్టేసింది. మూడోది ఉంచింది. దాని కింద, ఎందుకు రానందో నేను నలభై ఒక్క ఏళ్ళు అడగలేదు అని రాసింది. పొయ్యి దగ్గర మాటలు రాసి, ఇవి నేను విన్నవి కావు, ద్వాలి యాడీ చెప్పగా తెలిసినవి అని రాసింది. మేకల ముచ్చట తీసేయలేదు. నవ్వుకున్నానన్న మాట కూడా తీసేయలేదు. ఆరోజు నవ్విన మాట నిజం కదా. దాని పక్కనే, ఆ దుమ్ములో మా అక్క ఉంది, నాకు కనిపించలేదు అని చేర్చింది. నాన్న మీద మాత్రం కోపమంతా వెళ్ళగక్కింది, ఒక పేజీ నిండా.

గురువారం అంగన్‌వాడీకి సెలవు పెట్టి, తండాలో ఎవరికీ చెప్పకుండా దమ్మపేట బస్సెక్కింది. సోని వాకిలి ఊడుస్తోంది. చెల్లెల్ని చూసి చీపురు పక్కన పెట్టింది. చాయ్ వద్దు, ముందు విను అంది ప్రమీల. ఈసారి ప్రతి వాక్యానికీ తలెత్తి అక్క మొహం చూస్తూ చదివింది.

పొయ్యి దగ్గర మాటలు వచ్చినప్పుడు సోని కళ్ళు మూసుకుంది. వీపు చిట్లిన సంగతి వచ్చినప్పుడు, ఆ ముసల్దానికి ఇంకా గుర్తుందా అని ఆశ్చర్యపోయింది. నాన్న పేజీ దగ్గర మాత్రం చేయి అడ్డం పెట్టి ఆపింది. నాన్న ముందు తననే అడిగాడు, ఆ సంగతి ఎందుకు రాయలేదని నిలదీసింది. పెద్దపిల్ల కాదంటేనే చిన్నదాని వైపు చూశాడు, ఆడపిల్లను నువ్వు వస్తావా అని అడిగిన తండ్రి ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఇంకెవడున్నాడు? దెబ్బలు కొట్టింది పెసర చేను కోసం, బడి కోసం కాదు. నీ కోపం నీది, దాన్ని నా వీపు మీద పెట్టి రాయకు అంది. ప్రమీల పేజీ మొత్తం కొట్టేసి, నాన్న ముందు అక్కనే అడిగాడు అని ఒక్క వాక్యం రాసింది. తను పక్కనే ఉండి విన్న సంగతే అది. విన్నా, అంత పెద్ద సంగతని ఇన్నాళ్ళూ అనిపించలేదు.

చివరికి వచ్చింది. పెళ్ళి రోజు, రెండు జడలు, తడిసిన ఓణీ. “మా అక్క నా మెడ మీద పడి ఏడ్చింది, రానన్నది నా నోరు, కాళ్ళు కాదని.”  ప్రమీల కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని, “నేను వినలే అక్కా,” అంది. “మెడ మీదనే ఉన్నవు, అయినా వినలే.”

సోని చెల్లెలి వీపు మీద చెయ్యి వేసింది.  లోపలి నుంచి మనవరాలు వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది. సోని ఆ పిల్లను చూసింది, కాగితం వైపు చూసింది.

“ఆ ఆఖరిది మళ్ళోసారి చదువు,” అంది.

ప్రమీల కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది.

“ఏడ్చింది అని రాసినవా?”

“అవ్.”

“ఏడుపు అందరు ఏడుస్తరు. ద్వాలి యాడీ నేర్పుతది. ఆ మాట తీసెయ్యి. చెప్పింది అని రాయి.”

ప్రమీల పెన్ను మూత తీసి, “ఏడ్చింది” అన్నదాన్ని కొట్టేసి, దాని పైన “చెప్పింది” అని రాసింది. అక్కకు చదవడం రాదు కాబట్టి, మనవరాలిని దగ్గరికి పిలిచి, అవ్వకు వినిపించమని కాగితం ఆ పిల్ల చేతికిచ్చింది.